పాత కారుకు పెద్ద చక్రములు: గాలికి బదులు లోహము

ఎద్దుబండి చక్రము మనిషి ఛాతీవరకు వచ్చునంత ఎత్తుండును. అంత చక్రము చేయుటకు కలపయు శ్రమయు ఎక్కువే పట్టును. ఐనను గతుకుల బాటపై అది తేలికగా సాగిపోవును. జానెడు వెడల్పు గుంత ఎదురైనచో చిన్న చక్రము అందులో దిగబడును. పెద్ద చక్రము గుంత రెండు అంచులమీద ఆని, కొద్దిగా మాత్రమే దిగి దాటిపోవును. దీనినిబట్టి చక్రము ఎంత పెద్దదైన అంత మేలని అనిపించుట సహజము.

మోటారు కారు విషయములో ఈ ఊహ సరిపడదు. కారుకు పెద్ద చక్రములు వేయించినారని విన్నపుడు నేలను తాకు వృత్తము పెరిగినదని అర్థము కాదు. సాధారణముగా బయటి వృత్తము దాదాపు అంతే ఉండును. దాని లోపల ఉన్న లోహపు రిమ్ము పెద్దదగును. రిమ్మునకు నేలకు నడుమ ఉన్న టైరు సన్నబడును. అనగా గాలి ఉండవలసిన చోటును లోహము ఆక్రమించును. ఈ మార్పిడిలో లభించునదేమి, పోవునదేమి అన్న ప్రశ్నకు ఉన్నత పాఠశాలలో నేర్పు గణితమును భౌతికశాస్త్రమును చాలవరకు సమాధానము చెప్పగలవు.

గాలి చేయు పని

గాలి నింపిన టైరుకు 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందెను. ఆనాడు అది వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల సైకిలు కొఱకు మరల అటువంటి టైరును తయారుచేసెను. అప్పటినుండి అది లోకమంతటను వ్యాపించినది.

టైరులోని గాలి రెండు పనులు చేయును. మొదటిది బరువు మోయుట. కారు బరువులో అధికభాగమును రబ్బరు గాక, లోపల ఒత్తిడిలో ఉన్న గాలియే మోయుచుండును. రెండవది స్ప్రింగువలె పనిచేయుట. రాయి తగిలినపుడు టైరు అక్కడ నొక్కుకొనిపోయి, ఆ దెబ్బను ఇరుసుదాక పోనీయక తానే కొంత మ్రింగును. ఎంతవరకు నొక్కుకొనగలదన్నది పక్కగోడ ఎత్తుపై, అనగా రిమ్ము అంచునుండి నేలను తాకు భాగమువరకు ఉన్న ఎత్తుపై ఆధారపడును. పక్కగోడ పొట్టిదైనకొలది ఈ అవకాశము తగ్గును.

ఒక కారు, దాని అంకెలు

విషయమును అంకెలతో పరిశీలించుటకు ఒక నిజమైన కారును తీసికొనుట మంచిది. జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. కంపెనీ 1986లో ఎం 3 అను కారు తయారీ ప్రారంభించెను. మోటారు పందెములలో పాల్గొనవలెనన్నచో అటువంటి కార్లను ఐదువేలు తయారుచేసి ఉండవలెనని ఆనాటి 'గ్రూప్ ఎ' నిబంధన. ఆ నిబంధనకొఱకు పుట్టిన కారిది. నాలుగు సిలిండర్ల 2.3 లీటర్ల ఇంజను, సుమారు 200 అశ్వశక్తి, సుమారు 1,200 కి.గ్రా. బరువు. 1987లో దీనిని నడపి రాబర్టో రవాలియా ప్రపంచ టూరింగు కార్ల పోటీలో విజేత అయ్యెను. మొత్తము తయారైనవి సుమారు 18 వేలు. వయస్సు మీరినను వీటిని ప్రాణప్రదముగా చూచుకొను యజమానులు పలుదేశములలో ఉన్నారు. పాత వేగపు కార్లకు పెద్ద చక్రములు వేయించు కోరిక వీరిలోను కొందరికి కలుగుచుండును.

ఈ కారుకు కంపెనీ అమర్చిన టైరు కొలత 205/55 ఆర్ 15. టైరు పక్కన అచ్చువేసియుండు ఈ గుర్తులో మూడు కొలతలు ఇమిడియున్నవి. 205 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అనునది పక్కగోడ ఎత్తు వెడల్పులో నూటికి ఎంత అన్నది. 15 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో. 'ఆర్' అను అక్షరము టైరులోని దారములు ఒక అంచునుండి రెండవ అంచునకు అడ్డముగా, వ్యాసార్ధపు దిశలో సాగు నిర్మాణమును సూచించును.

లెక్క ఇట్లుండును. పక్కగోడ ఎత్తు 205లో నూటికి 55, అనగా 112.75 మి.మీ. చక్రమునకు పైన ఒక పక్కగోడ, క్రింద ఒక పక్కగోడ ఉండును గనుక రెండును కలిసి 225.5 మి.మీ. అంగుళమునకు 25.4 మి.మీ. చొప్పున 15 అంగుళముల రిమ్ము 381 మి.మీ. మొత్తము వ్యాసము 606.5 మి.మీ.

తరువాత వచ్చిన అధికశక్తి గల 'ఎవల్యూషన్' రకములకు కంపెనీయే 16 అంగుళముల రిమ్ములను, 225/45 ఆర్ 16 టైర్లను అమర్చెను. దాని వ్యాసము లెక్కించినచో 608.9 మి.మీ. వచ్చును. రిమ్ము ఒక అంగుళము, అనగా 25.4 మి.మీ. పెరిగినను మొత్తము చక్రము పెరిగినది 2.4 మి.మీ. మాత్రమే. ఇంజనీర్లు రిమ్మును పెంచినపుడు పక్కగోడను అంతకు అంత తగ్గించి బయటి వృత్తమును కాపాడిరి. ఈ పద్ధతి ఎందుకు అవసరమో చుట్టుకొలత చూచినచో తెలియును.

చుట్టుకొలత మారినచో

606.5 మి.మీ. వ్యాసము గల చక్రపు చుట్టుకొలత సుమారు 1,905 మి.మీ. ఒక కిలోమీటరు దూరమునకు అది సుమారు 525 మారులు తిరుగును. బరువు వలన టైరు క్రింద కొంచెము అణగియుండును గనుక నిజమైన సంఖ్య స్వల్పముగా మారవచ్చును. ఐనను రెండు టైర్లను పోల్చునపుడు నిష్పత్తి దాదాపు ఇట్లే ఉండును.

కారులోని వేగమాపకము దూరమును నేరుగా కొలువదు. అది చక్రములను త్రిప్పు భాగముల భ్రమణములను లెక్కించి, ఒక్కొక్క చుట్టునకు ఇంత దూరమని ముందుగా నిర్ణయించిన ప్రకారము వేగమును చూపును. చక్రము మారినదని దానికి తెలియదు.

ఇపుడు యజమాని 18 అంగుళముల రిమ్ములు కొని, వాటికి 235/40 ఆర్ 18 టైర్లు వేయించెననుకొనుడు. పక్కగోడలు రెండును కలిసి 188 మి.మీ., రిమ్ము 457.2 మి.మీ., మొత్తము 645.2 మి.మీ. పూర్వపు చక్రముకంటె ఇది నూటికి 6.4 వంతులు పెద్దది. వేగమాపకపు ముల్లు 100 కిలోమీటర్లు చూపునపుడు, అది మొదట సరిగా ఉన్నదనుకొన్నచో, కారు నిజముగా 106.4 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. వేగమాపకము నిజమైన వేగముకంటె తక్కువ చూపరాదని ఐరోపా నిబంధనలు చెప్పుచున్నవి. ఇక్కడ ఆ నిబంధన భంగమైనది. డ్రైవరునకు తెలియకుండనే వేగ పరిమితి దాటును.

అంతతో అయిపోదు. ఇంజను చక్రమును త్రిప్పు భ్రామకము మారలేదు. భ్రామకమును వ్యాసార్ధముచే భాగించినచో నేలపై పనిచేయు తోపుడు బలము వచ్చును. వ్యాసార్ధము 6.4 వంతులు పెరిగినది గనుక తోపుడు బలము సుమారు 6 వంతులు తగ్గును. బ్రేకుకును ఇదే లెక్క. అదే వేగములో అంతే దూరమున కారును ఆపుటకు బ్రేకు ఎక్కువ భ్రామకమును కలిగింపవలెను. వేగము కొఱకు పుట్టిన కారును ఈ విధముగా మందగింపజేసినట్లగును.

ఇదే 18 అంగుళముల రిమ్మునకు 225/35 టైరు వేసినచో మొత్తము వ్యాసము 614.7 మి.మీ. భేదము నూటికి 1.4 వంతులే. 17 అంగుళముల రిమ్మునకు 215/40 టైరు వేసినచో 603.8 మి.మీ.; భేదము అర వంతునకు లోపే. కావున చుట్టుకొలత దోషమును సరియైన టైరు ఎన్నికతో నివారింపవచ్చును. కాని దానికి చెల్లించు మూల్యము పక్కగోడలో ఉన్నది.

పొట్టి పక్కగోడ

మొదటి టైరు పక్కగోడ ఎత్తు 112.75 మి.మీ.; 225/35 ఆర్ 18 టైరుకు 78.75 మి.మీ. అనగా 34 మి.మీ. తగ్గినది. దెబ్బను మ్రింగగల ఎత్తులో నూటికి 30 వంతులు పోయినవి.

దీనివలన కలుగు మేలును దాచరాదు. కారు మలుపు తిరుగునపుడు పొడవైన పక్కగోడ పక్కకు వంగును. స్టీరింగు త్రిప్పినపుడు కారు ఒక క్షణము ఆలస్యముగా బదులు పలుకును. పొట్టి పక్కగోడ అంతగా వంగదు. కారు వెంటనే తిరుగును. రిమ్ము పెద్దదైనచో దాని లోపల పెద్ద బ్రేకు డిస్కునకును చోటు దొరకును. నునుపైన పందెపు బాటపై ఈ గుణములు విలువైనవి.

సాధారణమైన రోడ్డుపై గుంతలుండును. వేగముగా పోవు కారు చక్రము గుంత అంచును తాకినపుడు పక్కగోడ పూర్తిగా నొక్కుకొని, రిమ్ము అంచునకు గుంత అంచునకు నడుమ రబ్బరు నలిగిపోవును. లోపలి దారములు తెగినచో ఆ చోట టైరు బొడిపెవలె ఉబ్బును. అటువంటి టైరు ఏ క్షణముననైనను పగులవచ్చును. రిమ్ము కూడ సొట్టపోవచ్చును, లేదా చీలవచ్చును. గాలికి బదులు లోహమును పెట్టిన మార్పిడిలో మొదటి నష్టమిది.

మోయగల బరువును కూడ చూడవలెను. టైరుపై కొలతల ప్రక్కన ఒక సంఖ్య ఉండును. 84 అన్నచో ఆ టైరు 500 కి.గ్రా., 87 అన్నచో 545 కి.గ్రా. మోయగలదని అర్థము. గాలి పరిమాణము తగ్గినపుడు అదే బరువు మోయుటకు ఎక్కువ ఒత్తిడి కావలసివచ్చును. కొత్త టైరు సంఖ్య పాతదానికంటె తక్కువగా ఉండరాదు; గాలి ఒత్తిడి దానికి తగినట్లు ఉండవలెను.

బరువు ఎక్కడ ఉన్నది

చక్రపు బరువు విషయములో ఒక అతిశయోక్తి ప్రచారములో ఉన్నది. చక్రమున ఒక కిలో పెరిగినచో కారు శరీరమున పది కిలోలు పెరిగినంత నష్టమని కొందరు చెప్పుదురు. ఇది నిజమా?

దొర్లుచున్న చక్రమునకు రెండు విధముల గతిశక్తి ఉండును: ముందుకు పోవుట వలన ఒకటి, తిరుగుట వలన మరొకటి. తిరుగుట వలని శక్తి ద్రవ్యరాశి ఎంత ఉన్నదన్నదానిపైననే గాక, ఇరుసునుండి ఎంత దూరములో ఉన్నదన్నదానిపైన కూడ ఆధారపడును. దీనినే జడత్వ భ్రామకము తెలుపును. ద్రవ్యరాశి అంతయు బయటి అంచుననే ఉన్న వలయమునకు ఈ రెండు శక్తులును సమానము. అనగా అంచున ఉన్న ఒక కిలో రెండు కిలోలవలె ప్రవర్తించును. అంతకు మించదు. ఏకరీతి బిళ్ళ అయినచో ఒక కిలో ఒకటిన్నర కిలోలవలె ప్రవర్తించును. నిజమైన చక్రము ఈ రెంటికి నడుమ ఉండును. పది రెట్లన్న మాటకు ఆధారము లేదు.

ఊహించిన సంఖ్యలతో ఒక లెక్క చేయవచ్చును. పాత చక్రము టైరుతో కలిసి 16 కి.గ్రా., కొత్తది 21 కి.గ్రా. అనుకొనుడు. పాతదాని బరువు సగటున వ్యాసార్ధములో నూటికి 75 వంతుల దూరమున, కొత్తదాని బరువు 80 వంతుల దూరమున ఉన్నట్లు భావింపుడు. ఆ నిష్పత్తుల వర్గములు 0.5625, 0.64. పాత చక్రము 16కు 9 కూడి 25 కిలోలవలెను, కొత్త చక్రము 21కి 13.4 కూడి 34.4 కిలోలవలెను ప్రవర్తించును. నాలుగు చక్రములకు భేదము సుమారు 38 కిలోలు. 1,200 కిలోల కారులో ఇది నూటికి మూడు వంతులు. ఇది ఉపేక్షింపదగినది కాదు, భయపడదగినదియు కాదు. బరువు వలన కలుగు పెద్ద నష్టము మరొక చోట ఉన్నది.

స్ప్రింగు క్రింది బరువు

కారు శరీరము స్ప్రింగులపై నిలిచియుండును. చక్రము, టైరు, హబ్బు, బ్రేకు ఆ స్ప్రింగులకు క్రింద ఉండును. రోడ్డుపై ఎత్తు తగిలినపుడు ఈ క్రింది భాగము పైకి ఎగిరి, వెంటనే స్ప్రింగుచే త్రోయబడి మరల నేలను తాకవలెను. నేలను తాకియున్నంతసేపే టైరుకు పట్టు ఉండును. గాలిలో ఉన్న చక్రము కారును ఆపనూలేదు, మలుపనూలేదు.

ఒక మూల ఈ క్రింది బరువు 35 కి.గ్రా. ఉన్నదనుకొన్నచో, చక్రము 5 కిలోలు పెరుగుటతో అది 40 అగును. నూటికి 14 వంతుల పెరుగుదల. అదే వేగముతో పైకి ఎగిరినపుడు దాని గతిశక్తియు 14 వంతులు ఎక్కువ. ఆ శక్తిని ప్రతి ఎగురునకును షాక్ అబ్జార్బరు వేడిగా మార్చి హరింపవలెను. ఆ భాగమును ఇంజనీర్లు పాత బరువునకు తగినట్లు సరిచేసియున్నారు. పైగా ముప్పది ఏండ్లు దాటిన కారులో అది అరిగియుండవచ్చును. గతుకుల రోడ్డుపై మలుపులో బ్రేకు వేసినపుడు పట్టు తప్పుటకు ఇది కారణము కాగలదు. మొత్తము కారుతో పోల్చినపుడు అల్పముగా కనిపించిన ఐదు కిలోలు, స్ప్రింగు క్రింద ఉండుటచేత ఘనమైనవగుచున్నవి.

ఇందువలననే పెద్ద రిమ్ము కొనువారు తేలికైనదానిని వెదకుదురు. అచ్చులో పోతపోసిన అల్యూమినియపు మిశ్రలోహపు రిమ్ముకంటె, వేడిచేసి అధికమైన ఒత్తిడితో అదిమి మలచిన రిమ్ము బలమైనది. కావున తక్కువ లోహముతో తయారు చేయవచ్చును. ధర మాత్రము ఎక్కువ.

బోల్టులు కుదిరినంత మాత్రమున చాలదు

ఎం 3 హబ్బుపై 120 మి.మీ. వ్యాసపు వృత్తమున ఐదు బోల్టులు ఉన్నవి. అదే కంపెనీ తరువాతి కాలపు అనేక కార్లకును ఇదే అమరిక. కావున ఆ కార్ల పెద్ద చక్రములను తెచ్చి దీనికి బిగింపవచ్చునని తోచును. బోల్టులు కుదురును; చక్రము కుదురదు. దీనికి కారణము ఆఫ్‌సెట్టు అను కొలత.

రిమ్ము వెడల్పునకు నడుమ ఒక గీత ఊహింపుడు. హబ్బునకు ఆను ముఖము ఆ గీతకు ఎంత బయటకు ఉన్నదో అది ఆఫ్‌సెట్టు. ఎం 3 మొదటి రిమ్ము వెడల్పు 7 అంగుళములు, ఆఫ్‌సెట్టు 30 మి.మీ. 7 అంగుళములలో సగము 88.9 మి.మీ. హబ్బు ముఖమునుండి రిమ్ము లోపలివైపునకు 118.9 మి.మీ., బయటివైపునకు 58.9 మి.మీ. వ్యాపించియుండును.

తరువాతి తరపు 3 శ్రేణి కార్లకు వచ్చిన 8 అంగుళముల వెడల్పు, 47 మి.మీ. ఆఫ్‌సెట్టు గల రిమ్మును తీసికొన్నచో అది లోపలికి 148.6 మి.మీ. పోవును. పూర్వముకంటె సుమారు 30 మి.మీ. లోపలికి చొచ్చి స్ప్రింగును మోయు స్తంభమును తాకును. దీనికి మారుగా 8.5 అంగుళముల వెడల్పు, 13 మి.మీ. ఆఫ్‌సెట్టు గల రిమ్మును చేయించినచో లోపలివైపు 2 మి.మీ. మాత్రమే పెరుగును; బయటివైపున మాత్రము 36 మి.మీ. పొడుచుకొని వచ్చును. అపుడు కారు ఊగినపుడెల్ల టైరు మడ్‌గార్డు అంచును కోసికొనును. ఆ అంచును లోపలికి మడచుట వాడుకలో ఉన్నది. మడచినచోట రంగు పగిలి, నీరు చేరి, తుప్పు పట్టును. చక్రమును విప్పి పాతది బిగించుట ఒక గంట పని. మడచిన రేకును మునుపటివలె చేయుట దాదాపు అసాధ్యము.

చక్రపు నడిగీత 30 నుండి 13కు, అనగా 17 మి.మీ. బయటకు జరిగినది. తూనిక కఱ్ఱపై బరువును దూరముగా జరిపినట్లే ఇది. ఒక చక్రముపై 300 కిలోల బరువున్నచో, ఆ 17 మి.మీ. దూరము వలన కారు నిలిచియున్నపుడు కూడ బేరింగుపై సుమారు 50 న్యూటన్ మీటర్ల భ్రామకము అదనముగా పడును. గుంతలలో అది పలురెట్లగును. ముందు చక్రములకు మరొక చిక్కు. స్టీరింగు త్రిప్పినపుడు చక్రము ఏ అక్షము చుట్టు తిరుగునో, ఆ అక్షమును నేలవరకు పొడిగించినచో ఒక బిందువున తాకును. ఆ బిందువునకు టైరు నడిమికి గల దూరమును ఇంజనీర్లు జాగ్రత్తగా నిర్ణయించిరి. అది 17 మి.మీ. మారినచో ఒకవైపు చక్రము తడినేలపై, మరొకవైపు చక్రము పొడినేలపై ఉండి బ్రేకు వేసినపుడు స్టీరింగు చేతిలో ఒకవైపునకు లాగును.

నడిమి రంధ్రము, బోల్టుల బిగువు

ఎం 3 హబ్బు నడుమ ఉన్న గుండ్రని మెట్టు వ్యాసము 72.6 మి.మీ. రిమ్ము నడిమి రంధ్రము దానిపై బిర్రుగా కూర్చుండవలెను. ప్రత్యేకముగా చేయించిన రిమ్ములలో ఆ రంధ్రము పెద్దదిగా ఉన్నచో నడుమ ఒక వలయమును తొడుగవలెను. లేనిచో చక్రము కేంద్రము తప్పి బిగియవచ్చును. 21 కిలోల చక్రము అర మిల్లీమీటరు కేంద్రము తప్పినదనుకొనుడు. గంటకు 100 కిలోమీటర్ల వేగములో అది సెకనుకు సుమారు 14 మారులు తిరుగును. అపుడు కలుగు అపకేంద్ర బలము సుమారు 86 న్యూటనులు. అనగా దాదాపు 9 కిలోల బరువు సెకనుకు 14 మారులు హబ్బును చుట్టూరా లాగుచున్నట్లుండును. స్టీరింగు వణకుటకు ఇది చాలును.

బోల్టులు కారు బరువును కొక్కెములవలె మోయునని పలువురు భావింతురు. నిజమునకు అవి రిమ్మును హబ్బునకు గట్టిగా అదిమిపట్టును. ఆ రెండు ముఖముల నడుమ ఘర్షణయే బలమును ఎక్కువగా మోయును. బోల్టు వదులైనచో ఘర్షణ తగ్గి, రిమ్ము కదలి, బోల్టు విరుగును. కావున బిగువును కారు పుస్తకములో చెప్పినంత ఉంచవలెను. కొత్త రిమ్ము బిగించిన తరువాత కొంతదూరము నడిపి మరల పరీక్షింపవలెను. రిమ్మునకు హబ్బునకు నడుమ దిమ్మె పెట్టినచో దాని మందమునకు తగినంత పొడవైన బోల్టులు వాడవలెను.

లోహమునకు అలసట

ఇనుపతీగను ఒక్కసారి వంచినచో విరుగదు. అటునిటు పలుమారులు వంచినచో విరుగును. చక్రపు ఆకులకును ఇదే అనుభవము. ప్రతి చుట్టులోను ప్రతి ఆకు ఒకసారి నొక్కుడుకు, ఒకసారి లాగుడుకు లోనగును. కిలోమీటరుకు 525 చుట్ల చొప్పున వెయ్యి కిలోమీటర్లకు ఐదులక్షల ఇరువదియైదువేల చుట్లు. లక్ష కిలోమీటర్లకు ఐదుకోట్లకు పైగా. అల్యూమినియపు మిశ్రలోహములకు, ఉక్కువలె, ఇంతకు తక్కువ ఒత్తిడిలో ఎన్నటికిని విరుగదను స్పష్టమైన హద్దు లేదు. అందుచేత రూపము చక్కగా ఉన్నదని సన్నని ఆకుల రిమ్మును ఎన్నుకొనుట ప్రమాదము. మంచి తయారీదారులు మాదిరి రిమ్ములను వంపు పరీక్షకు, భారముతో దొర్లించు పరీక్షకు, దెబ్బ పరీక్షకు లోబరతురు. జపానులో పరీక్షా ప్రమాణములకు సరిపడిన రిమ్ములపై 'జె.డబ్ల్యు.ఎల్.' గుర్తు ఉండును. జర్మనీలో ఆమోదము లేని చక్రములను కారుకు అమర్చినచో నిపుణులచే పరీక్షింపజేసి కారు పత్రములలో నమోదు చేయింపవలెను. భారతదేశమునను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నియంత్రించుచున్నది.

బిగించుటకు ముందు

పైన చెప్పినదానిని క్రమముగా పెట్టినచో ఇట్లుండును. మొదట మొత్తము వ్యాసమును లెక్కింపవలెను. భేదము నూటికి ఒకటి రెండు వంతులు దాటరాదు. తరువాత టైరు మోయగల బరువు, వేగ పరిమితి చూడవలెను. అటుపిమ్మట వెడల్పు, ఆఫ్‌సెట్టులనుండి లోపలికి ఎంత, బయటికి ఎంత అన్నది గీచి చూచుకొనవలెను. నడిమి రంధ్రమును, బోల్టుల పొడవును సరిచూడవలెను. చక్రమును త్రాసులో తూచవలెను.

చివరకు ఒక చక్రమును మాత్రము బిగించి, స్టీరింగును ఒక కొననుండి రెండవ కొనకు త్రిప్పి, ఆ మూల బరువు వేసి అణచి చూడవలెను. టైరుకు మడ్‌గార్డునకు నడుమ మెత్తని బంకమట్టి ముద్ద పెట్టినచో అది ఎంతకు నలిగినదో దానినిబట్టి మిగిలిన సందు తెలియును. ఈ పరీక్షలో తగిలిన చక్రము రోడ్డుపై తప్పక తగులును. మడ్‌గార్డును మడచుటకు ముందే ఇది తెలియుట మేలు.

తరగతి గదిలో

ఈ విషయములో చాలభాగమును కారు లేకుండనే విద్యార్థులకు చూపవచ్చును. సైకిలు టైరుపై సుద్దతో గీత గీచి, ఒక చుట్టు దొర్లించి, నేలపై దూరమును కొలిపించినచో చుట్టుకొలత వచ్చును. దానినుండి కిలోమీటరుకు ఎన్ని చుట్లో లెక్క కట్టింపవచ్చును. టైరులో గాలి తగ్గించి, ఒకరిని ఎక్కించి మరల కొలిచినచో బరువు వలన కలుగు భేదము కంటికి కనబడును.

ఏటవాలు పలకపై ఒక ఇనుప వలయమును, ఒక ఏకరీతి కఱ్ఱ బిళ్ళను ఒకేసారి వదలినచో బిళ్ళయే ముందు చేరును. వాటి బరువులు, సైజులు ఏవైనను ఫలితము మారదు. వలయపు త్వరణము నున్నని తలముపై దొర్లక జారిన వస్తువు త్వరణములో సగము. బిళ్ళ త్వరణము అందులో మూడింట రెండు వంతులు. అంచున ఉన్న బరువు రెండు రెట్లకు మించి ప్రవర్తింపదను సత్యము ఈ ప్రయోగముతోనే తేలును.

పాఠశాల ముందు ఆగిన ఏ కారు టైరుపైనను అంకెలను విద్యార్థులచే చదివించి, వ్యాసమును లెక్కింపజేసి, ఆపైన టేపుతో కొలిపింపవచ్చును. ఆ కారుకే రిమ్మును రెండు అంగుళములు పెంచవలెనన్నచో వ్యాసము మారకుండ ఏ టైరు వేయవలెనో కనుగొనుమని అడుగవచ్చును. అందుకు పక్కగోడలో ఎంత ఎత్తు పోవునో కూడ వారు చెప్పవలెను. ఆ ఎత్తు గాలి ఉండవలసిన చోటు. దానిని తగ్గించుటకు ముందు ఆ కారు ఏ రోడ్డుపై తిరుగునో ఆలోచింపవలెనని వారికి అపుడు అంకెలే చెప్పును.